చెమట పట్టిన ముడుపు

చాయ్ గ్లాసు సగం కాకముందే మల్లేష్ చచ్చిపోయాడు.

శనివారం పొద్దున, పటాన్‌చెరు బస్టాండు ముందర. కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి హారన్లు కొడుతున్నాయి. బొల్లారం పోయే షేర్ ఆటోల కోసం జనం తోసుకుంటున్నారు. ఆ తోపులాటలో ఎవరో మల్లేష్ మోచేతికి తగిలి ముందుకు సాగిపోయారు. అతను మోచేయి రుద్దుకున్నాడు. అతన్ని కలవడానికి రోడ్డు దాటుతున్న తోటి ఏజెంటు ప్రభాకర్ చూస్తుండగానే మోకాళ్ళు మడతపడి కూలబడ్డాడు.

ప్రభాకర్ పరుగున పోయి అతని తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రేపు... గుళ్ళ బస్సు," అన్నాడు మల్లేష్. పెదవులు నీలంగా మారుతున్నాయి. "సీసా... గుడిలనే చేతులు మారుతది."

"ఏ గుడి? మల్లేష్, ఏ గుడిరా?"

మల్లేష్ తల పక్కకు వాలిపోయింది. మూగినవాళ్ళలో ఒకడు ఎండదెబ్బ అన్నాడు, ఇంకొకడు గుండెపోటు అన్నాడు. మోచేతి మీద సూదిమొనంత ఎర్ర చుక్కను ప్రభాకర్ తప్ప ఎవరూ చూడలేదు.

*

ముంబై హైవే పక్కన ఒక ధర్మకాంటా ఉంది. లారీలు ఎక్కుతాయి, బరువు తూచుకుని పోతాయి. వెనక గదిలో కూర్చునే ఓనరు రాజశేఖర్ అసలు ఏం పని చేస్తాడో ఢిల్లీలో కొద్దిమందికే తెలుసు. ప్రభాకర్‌కు ఆయనే చీఫ్.

"పాలు తోడుకోవాలంటే ఏం కావాలి?" అన్నాడు చీఫ్, తలుపు వేస్తూ.

"తోడు సార్."

"బొల్లారంలో ఒక బల్క్ డ్రగ్ యూనిట్ వాళ్ళు ఏ మందుకూ లొంగని క్షయకు మందు కనిపెట్టారు. దాన్ని తయారుచేసేది ఒక సూక్ష్మజీవి. దాని మదర్ కల్చరే తోడు. నిన్న ప్లాంటులో ఉన్న నిల్వకంతా బూజు పట్టింది. అంటే, పట్టించారు. దానికి ముందే ఒక్క సీసా దాచిపెట్టారు. ఇప్పుడు లోకం మొత్తానికి మిగిలిన తోడు ఆ సీసాలోదే. అది గడ్డకట్టి ఉండాలి. కరిగిందంటే చచ్చింది."

"ఎవరు సార్?"

"ఆర్కిడ్. విదేశీ ముఠా. తోడు వాళ్ళ చేతికి పోతే మందు కూడా వాళ్ళదే, రేటు కూడా వాళ్ళదే. లోపలి మనిషి క్వాలిటీ మేనేజర్ రామలింగేశ్వరరావు అని అనుమానం. ఆయన గడప దాటితే మనవాళ్ళు వెంట ఉంటారు, అది ఆయనకూ తెలుసు. కాబట్టి తను మోయడు. ఇంకొకరితో మోయిస్తాడు." చీఫ్ టేబుల్ మీద ఒక ఫోటో పెట్టాడు. "ఈ వారంలో ఆయన క్యాబిన్‌లోకి మాటిమాటికీ పోయిన మనిషి ఒక్కతే."

సీసీ కెమెరా ఫోటో. నీలం ఏప్రన్, మెడకు స్కార్ఫు, చేతిలో చీపురు. ప్రభాకర్ ఫోటోను దగ్గరికి లాక్కున్నాడు. అది అతని అక్క ముత్యమ్మ.

చీఫ్ గొంతు మారలేదు. "మీ అక్క అని తెలుసు. అందుకే నిన్ను పిలిచిన. వేరేవాడైతే ఆమెను చూసుడుతోనే తుపాకి తీస్తడు. నువ్వు ఒక్క క్షణం ఆగుతవు. ఆ ఒక్క క్షణమే ఆమెకు నేను ఇయ్యగలిగింది. ఆ తర్వాత సీసా ఎవరి చేతిల ఉంటే వాళ్ళు శత్రువే. చేతులు ఎవరివని చూడొద్దు. ఫోన్ కూడా చేయొద్దు."

ఆ చేతులు ప్రభాకర్‌కు తెలియనివా? వాళ్ళది గుమ్మడిదల దగ్గర కూలి కుటుంబం. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు తను. తొక్కించింది అక్క. వరినాట్లు వదిలి కంపెనీలో డ్రమ్ములు కడగడానికి పోయింది. సాల్వెంటు తగిలి ఆమె గోళ్ళు పచ్చబడ్డాయి, మళ్ళీ తెల్లబడలేదు. తమ్ముడు ఏదో ట్రావెల్స్‌లో సూపర్‌వైజర్ అని ఆమె నమ్మకం. డిగ్రీ చదివి బస్సుల వెంట తిరుగుతున్నాడని ఆమె బాధ.

"రేపు నీ వేషం కూడా అదే," అన్నాడు చీఫ్. "టూరిస్టు బస్సు సూపర్‌వైజర్. బస్సులో గైడు హర్షిణి మన మనిషే. ముఠాలో మనం పెట్టిన కన్ను. ఆమె చెప్పినట్టు విను."

టెక్నికల్ వింగ్ వాళ్ళు కొత్త చెప్పులు ఇచ్చారు. కుడి మడమలో ట్రాన్స్‌మిటర్. నేలకు గట్టిగా తొక్కితే చాలు, బలగం వచ్చి వాలుతుంది.

*

ఆదివారం పొద్దున్నే ఒక వార్త చేరింది. నైట్ షిఫ్టు దిగిన ముత్యమ్మ వెంట పడ్డ చీఫ్ మనిషి గేటు దగ్గరే ఆమెను పోగొట్టుకున్నాడు. షిఫ్టు దిగిన ఆడవాళ్ళందరివీ అవే నీలం ఏప్రన్లు, అందరి ముఖాలకూ స్కార్ఫులే. షేర్ ఆటోలు వచ్చాయి, నిండాయి, పోయాయి. వాళ్ళలో అక్క ఎవరో ఆ భగవంతుడికే తెలియాలి.

బస్సు సంగారెడ్డిలో బయలుదేరింది. మొదట కల్పగూరు, తర్వాత నందికంది, రుద్రారం, చివరికి బొంతపల్లి. పాత గుళ్ళు చూడ్డానికి వచ్చినవాళ్ళు హైదరాబాదు రిటైర్డు ఉద్యోగులు, ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలు, టోపీ పెట్టుకున్న లూకాస్ అనే విదేశీయుడు ఒకడు. లూకాస్ కెమెరా బ్యాగును ఒడిలోంచి దించడు. ఫోటో మాత్రం ఒక్కటీ తీయలేదు.

హర్షిణి మైకు పట్టుకుంటే గుడి స్తంభాలు కూడా చెవి ఒగ్గేటట్టున్నాయి. ఎర్ర అంచు చేనేత చీర, కొప్పులో వెండి పుల్ల, మెడలో గొలుసుకు వేలాడే బంగారు రంగు పెన్ను. నందికంది గుడి నక్షత్రం ఆకారంలో ఎందుకు కట్టారో, స్తంభం మీద ఏ బొమ్మ ఎవరిదో గలగలా చెప్పుకుపోయింది. ప్రభాకర్ నీళ్ళ సీసాలు పంచుతూ దగ్గరికి పోయాడు.

"మేడమ్, ఈ గుడికి ఉత్తరం దర్వాజా ఉండెనా?"

"ఉండేది. వరదకు మూసేశారు." కోడ్ సరిపోయింది. ఆమె నవ్వు చెదరకుండానే గొంతు తగ్గించింది. "రుద్రారం గణేశ్ గడ్డ దగ్గర. తెల్ల చొక్కా మనిషి, చేతిలో ఫ్లాస్కు. మీ వాళ్ళందరినీ అక్కడికి పంపండి."

"ఆడమనిషి కాదా?"

"మగవాడే. ఎందుకు?"

"ఏం లేదు మేడమ్." రాత్రి నుంచి గుండె మీద ఉన్న బండ కొంచెం పక్కకు జరిగింది. ఆ సంతోషంలో, తెల్ల చొక్కా సంగతి ఆమెకు అంత ఖచ్చితంగా ఎలా తెలిసిందని అడగడం మరిచిపోయాడు.

ఇంకొకటి కూడా అప్పుడే తెలిసొచ్చింది. గుడి మెట్ల దగ్గర అందరితోపాటు తనూ చెప్పులు విప్పాడు. ట్రాన్స్‌మిటర్ చెప్పుల కుప్పలో ఉండిపోయింది, ప్రభాకర్ గుళ్ళోకి వట్టి కాళ్ళతో పోయాడు. పెద్ద చదువుల టెక్నికల్ వింగ్ వాళ్ళు గుళ్ళ మిషన్‌కు చెప్పుల గ్యాడ్జెట్ చేసిచ్చారు మరి.

*

రుద్రారంలో తెల్ల చొక్కా మనిషిని చీఫ్ బలగం చుట్టుముట్టింది. ఫ్లాస్కు మూత తీశారు. అల్లం చాయ్. ఆ మనిషి భార్యకు కాన్పయిందట, ఆస్పత్రికి చాయ్ తీసుకుపోతున్నాడు.

బస్సు బొల్లారం దాటింది. ప్రభాకర్ వెనక సీట్లో కూర్చుని చీఫ్ ఆర్డరును పక్కన పెట్టి, అక్కకు ఫోన్ కొట్టాడు.

"ఏందిరా తమ్మీ, గీ యాళ్ళ యాదికొచ్చిన?"

"యాడున్నవక్కా?"

"బొంతపల్లిల. లైన్ల నిలవడ్డ. మా సారు లేడూ, రామలింగేశ్వరరావు సారు, బిడ్డకు పెండ్లి కుదుర్తలేదంట. డ్యూటీ ఇడిసి రాలేనని ముడుపు నా చేతికిచ్చిండు, జెర కట్టు ముత్యమ్మా అని. వారం దినాల నుంచి పిలిచి పిలిచి గిదే ముచ్చట. గేటుకాడ సెక్యూరిటోడు సంచి ఇప్పబోయిండు. దేవుని కాయ అంటె కండ్లకద్దుకుని ఇడిసిపెట్టిండు."

ప్రభాకర్ ఫోన్‌ను చెవికి నొక్కిపట్టాడు. "ముడుపు... ఎట్లుంది?"

"ఎట్లుంటది? కొబ్బరికాయ లెక్కనే ఉంది. ఫ్రిజ్జుల వెట్టిండో ఏందో, సల్లగ ఉంది. మీదికెళ్ళి నీలం గుడ్డ సుట్టిండు, కంపెనీల బల్లలు తుడిసే గుడ్డ! గంత సదువు సదివిండు, మొక్కుకు పసుపు గుడ్డ కట్టాలెనని తెల్వదు. నేనే కొత్తది కొని మార్చిన. నా ముడుపు పక్కపొంటి కడత."

"నీ ముడుపా? దేనికి?"

"నీకెందుకురా? నెరవేరినంక చెప్త. పెట్టెయ్, లైను కదిలింది."

ఫోన్ కట్టయింది. అక్కకు ఏ పాపమూ తెలియదు. కానీ ఆ మాట నమ్మేది తనొక్కడే. ముఠా గుట్టు తెలిసిన మనుషుల గతి ఏమవుతుందో మల్లేష్ మోచెయ్యి చూశాక చెప్పక్కరలేదు. ముందు సీట్లో హర్షిణి గొలుసుకున్న పెన్నును వేళ్ళ మధ్య తిప్పుతోంది. బలగాన్ని రుద్రారంలో చాయ్ ఫ్లాస్కు ముందర నిలబెట్టింది ఈమే. మనం పెట్టిన కన్ను ఎప్పుడో వాళ్ళకు అమ్ముడుపోయింది.

చీఫ్‌కు ఒక్క ముక్క మెసేజ్ పెట్టాడు: "బొంతపల్లి. హర్షిణి వాళ్ళ మనిషి." జవాబు వెంటనే వచ్చింది: "హైవే జామ్. వచ్చేదాకా నువ్వే."

*

బొంతపల్లి వీరభద్రుడి గుడి ఆదివారం జనంతో కిటకిటలాడుతోంది. ప్రభాకర్ మడమను నేలకేసి తొక్కి, చెప్పులు విడిచి, కాలే బండల మీద పరుగెత్తాడు. మండపంలో ఇనుప జాలీ నిండా ముడుపులే. పసుపు మూటలు, వెలిసిపోయిన మూటలు, బొమ్మ ఉయ్యాలంత చిన్న గుడ్డలు. గర్భాన పడని బిడ్డలు, తెగని కోర్టు కేసులు, రాని ఉద్యోగాలు అన్నీ అక్కడ వేలాడుతున్నాయి. కట్టినవాళ్ళు కోరిక తీరాక వచ్చి విప్పుకోవాలి. ఇంకొకరి ముడుపు మీద ఈ చుట్టుపక్కల ఎవరూ చెయ్యి వేయరు. దొంగలు హుండీని ముట్టుకున్నా ముడుపును ముట్టరు. సీసా దాచడానికి ఇంతకన్నా మంచి లాకరు ఎక్కడుంది?

హర్షిణి అతనికన్నా ముందే జాలీ దగ్గర ఉంది. మెడలో గైడు బ్యాడ్జి తీసేసింది. కళ్ళు గబగబా నీలం గుడ్డ కోసం వెతుకుతున్నాయి. నీలం గుడ్డ ఎక్కడా లేదు. ఆమె నుదుట మొదటిసారి చెమట పట్టింది. అంతలో స్తంభం పక్కన కొంగుతో ముఖం తుడుచుకుంటున్న ముత్యమ్మ కనబడింది. ఫోటోలో చూసిన మనిషే. హర్షిణి అటు నడిచింది.

ప్రభాకర్ జనాన్ని తోసుకుంటూ చేరేసరికి మాట మొదలైపోయింది.

"అమ్మా, నేను రామలింగేశ్వరరావు గారి అమ్మాయిని. నాన్నగారి ముడుపు మీరే కట్టారట కదా? నాకు సంబంధం కుదిరింది. విప్పుకోవడానికి వచ్చాను. ఎక్కడ కట్టారు?"

ముత్యమ్మ నోరు తెరిచింది. "గిప్పుడే కడితి గదనే బిడ్డా! గంతలనే కుదిరిందా?"

"ఇప్పుడే ఫోన్ వచ్చిందమ్మా."

"అక్కా!" అన్నాడు ప్రభాకర్.

"నువ్వు గీడేందిరా? మీ బస్సు ఇటు దిక్కేనా? జెర ఆగు." ముత్యమ్మ హర్షిణి గడ్డం పట్టుకుని ముఖం చూసింది, తర్వాత గుడి అదిరేటట్టు కేక వేసింది. "ఓ అక్కలారా! ఓ అవ్వలారా! ఉరికి రాండ్రి! పొద్దున ముడుపు కడితె పగటీలికే పెండ్లి కుదిరింది! వీరభద్రుని మహిమ!"

క్షణంలో ఆడవాళ్ళు పుట్ట పగిలినట్టు వచ్చి పడ్డారు. ఒకామె బొట్టు పెట్టింది. ఒకామె పూలు తురిమింది. "నా బిడ్డను గూడ ముట్టు తల్లీ," అని ఒకామె బతిమాలింది. "ఏ ఊరి పిలగాడు? సర్కారు నౌకరా?" అని ఒక ముసలామె వాకబు చేసింది. హర్షిణి నవ్వడానికి ప్రయత్నించింది. "ముడుపు ఎక్కడో చెప్పండి," అంది పళ్ళ బిగువున, ముత్యమ్మ చెవిలో. కుడిచెయ్యి గొలుసులోంచి పెన్ను లాగింది. బొటనవేలితో మూత ఎగిరింది. లోపల మొన మెరిసింది. అది ముత్యమ్మ మోచేతికి బెత్తెడు దూరంలో ఉంది.

ప్రభాకర్ నడుముకు తుపాకి ఉంది. ఎదురుగా అంతా ఆడవాళ్ళు, పిల్లలు. అతను చదివిన ఏ ట్రైనింగులోనూ లేని మాట నోట్లోంచి వచ్చింది.

"పెండ్లిపిల్లకు వట్టి చేతులేంది అవ్వా? పసుపు రాయుండ్రి! రెండు చేతులకు రాయుండ్రి, ఇడిసిపెట్టకుండ్రి, అరిష్టం!"

నాలుగైదు చేతులు హర్షిణి మణికట్లను అందుకున్నాయి. నూనె, పసుపు మోచేతులదాకా పూశాయి. ఆమె గుంజుకుంది. నాట్లు వేసిన చేతులు, డ్రమ్ములు కడిగిన చేతులు అవి, వదుల్తాయా? "సిగ్గువడుతుంది పిల్ల," అని నవ్వారు. నూనె చేతిలోంచి పెన్ను జారింది. రాతి మీద టంగుమని పడి, చెప్పుల్లేని పాదాల మధ్యకు దొర్లింది. పట్టుగౌను వేసుకున్న ఒక పసిపిల్ల దాన్ని తొక్కడానికి కాలెత్తింది.

ప్రభాకర్ నేల మీద పడి, చేతికందిన కొబ్బరిచిప్పను దాని మీద బోర్లించాడు. పసిపిల్ల పాదం చిప్ప మీద పడింది. చిప్ప గట్టిదే. అతను పెన్నును రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు.

మండపం బయట లూకాస్ ఇదంతా చూసి, కెమెరా బ్యాగుతో ఒక ఆటో ఎక్కి ఉడాయించాడు.

ఇక సీసా. ప్రభాకర్ జాలీ వెంట చూస్తూ పోయాడు. ఎండకు ముడుపులన్నీ ఎండి గలగలమంటున్నాయి. ఒక్కటి మాత్రం తడిసి ఉంది. కొత్త పసుపు గుడ్డ, కింది కొసన నీటి చుక్క. చల్లటి కాయకు ఎండలో చెమట పట్టింది. పక్కనే వెలిసి తెల్లబడిన పాత ముడుపు ఒకటి ఉంది.

చెయ్యి ముడి దాకా పోయి ఆగింది. చిన్నప్పుడు ఇదే జాలీ దగ్గర అక్క అతని చేతి మీద చరిచింది: "పరాయోళ్ళ ముడుపు ముట్టద్దురా, కండ్లు పోతయ్." ఇంకొక చుక్క రాలింది. ప్రభాకర్ కళ్ళు మూసుకుని ముడి విప్పాడు.

"ప్రభాకరా!"

అక్క గొంతు. అతను తిరిగి చూడలేదు. కాయను పగలదీశాడు. లోపల కరిగిపోతున్న ఐసు జెల్లీ, మధ్యలో వేలెడు సీసా. సీసా మీది నీలం పట్టీ అంచున గులాబీ రంగు పాకుతోంది. అది పూర్తిగా పాకితే తోడు చచ్చినట్టే. సీసాను గడ్డకట్టించి ఉంచడానికి విదేశీయుడు తెచ్చిన బ్యాగు ఆటోతో పాటు పోయింది. ప్రభాకర్ మెట్లు దూకి రోడ్డు మీదికి పరుగెత్తాడు.

కుల్ఫీ బండి. ఉప్పు కలిపిన ఐసు.

"అన్నా, మూత తియ్యి!"

"ఏది కావాలె? మలాయా, పిస్తానా?"

"మూత తియ్యన్నా!" తనే మూత లాగి, ఉప్పుఐసులోకి మోచేతి దాకా చెయ్యి దించాడు. చలి ఎముక కొరికింది. ఆ చెయ్యి అలాగే పెట్టి నిలబడ్డాడు. పైకి తీసి చూసేసరికి గులాబీ రంగు పట్టీ సగం దగ్గరే ఆగిపోయి ఉంది.

అప్పుడు చీఫ్ జీపులు వచ్చాయి. చీరల్లో ఉన్న లేడీ ఆఫీసర్లు "పెండ్లిపిల్లకు ఎండదెబ్బ" అంటూ, ఇంకా అవ్వల పట్టులోనే ఉన్న హర్షిణిని అంబులెన్సు ఎక్కించారు. ఆడవాళ్ళు ఆమెకు అక్షింతలు కూడా వేశారు. లూకాస్ అవుటర్ రింగురోడ్డు టోల్ దగ్గర దొరికాడు. రామలింగేశ్వరరావును క్యాబిన్‌లోంచే తీసుకుపోయారు. ప్లాంటులో మాత్రం ట్రాన్స్‌ఫర్ అని చెప్పారు.

"శాబాష్," అన్నాడు చీఫ్, కుల్ఫీ బండిలో సరుకు మొత్తం తనే కొంటూ. "మీ అక్కకు సంబంధం లేదని నేను చూసుకుంట."

"సార్, ఆమెకు ఒక్క మాట చెప్తా. నేను దొంగను కాదని."

చీఫ్ కుల్ఫీవాడికి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు. "మల్లేష్ తల్లికి కూడా గుండెపోటనే చెప్పినం, ప్రభాకర్."

*

జనం పలచబడ్డాక ప్రభాకర్ లోపలికి పోయాడు. ముత్యమ్మ జాలీ కింద కూర్చుని ఉంది. చేతిలో విప్పిన పసుపు గుడ్డ. పచ్చబడ్డ గోళ్ళతో దాన్ని మడత పెడుతోంది, విప్పుతోంది.

"అక్కా, ఇంటికి పోదాం పా."

"ఆడపిల్ల పెండ్లి ముడుపురా." ఆమె తలెత్తలేదు. "దేవుని దగ్గర గుంజుకపోయి కాయ పలగ్గొట్టుకుని... గంత ఆకలైతె నన్నడిగితె నేను పెట్టకపోదునా? గా పిల్ల సొమ్మసిల్లి పడిపాయె. నీ పాపమే తగిలిందో ఏమో."

అతను ఆమె ముందర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తప్పయింది," అన్నాడు.

ముత్యమ్మ లేచి, పక్కనున్న వెలిసిన ముడుపును వేలితో చూపింది. "గిది నాది. నువ్వు డిగ్రీ పాసైన ఏడు కట్టిన, నీకు సర్కారు నౌకరి రావాలెనని. వచ్చిన్నాడు నా చేతులతోని ఇప్పుదామనుకున్న." ఆమె కళ్ళు కొంగుతో ఒత్తుకుంది. "గిసొంటి బుద్ధులు నేర్సినంక ఇగ యాడొస్తదిరా నౌకరి? నడువ్, నూటెనిమిది సుట్లు తిరుగు. అప్పటిదాంక నీకు బువ్వ లేదు."

సర్కారు జీతం తీసుకోబట్టి తొమ్మిదో ఏడు నడుస్తున్న ప్రభాకర్ మారు మాట్లాడకుండా కాలే బండల మీద ప్రదక్షిణం మొదలుపెట్టాడు. తిరిగినప్పుడల్లా ఆ పాత ముడుపు కంట పడుతోంది. గర్భగుడిలో వీరభద్రుడు కోరమీసం కింద పెదవి బిగించి చూస్తున్నాడు. ఆ మొక్కు ఎప్పుడో తీరిందని ఆయనకు తెలుసు. అయినా ఇన్నేళ్ళుగా నోరు విప్పలేదు.

మంచి ఏజెంటు.